తాళంచెవికి తలంటు

వీధి చివర మూడంతస్తుల మేడ మెట్ల కింద ఉంది ఆ కొట్టు. అందులోకి నిటారుగా నడిచి వెళ్లడం ఎవరి తరమూ కాదు. ఎంతటివాడైనా తల వంచాల్సిందే. "నా ముందు తల వంచని మొనగాడు ఈ ఊళ్లో పుట్టలేదు" అన్నది చెవుల మామయ్య కొట్టు తెరిచిననాటి నుంచీ వేస్తున్న జోకు. కొత్తవాళ్లు బాగుందని నవ్వేవారు. పాతవాళ్లు ఆయన చిన్నబుచ్చుకుంటాడని నవ్వేవారు.

చెవులంటే ఆయన తలకున్నవి కావు. అవి అందరికీ ఉన్నట్టే ఉన్నాయి, పైగా ఎడమది ఈ మధ్య కాస్త మొరాయిస్తోంది కూడా. బతుకంతా తాళంచెవులతోనే గడిచింది కనక ఎప్పుడో ఎవరో పిల్లలు ఆ పేరు పెట్టారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల పిల్లలూ ఆయన్ని మామయ్యే అంటున్నారు. వరస ఎలా కుదిరిందని ఎవరూ అడగరు.

కొట్టులో ఒక బల్ల, బల్లకు బిగించిన, ఇనుమును కదలకుండా పట్టే వైసు, తాళంచెవులకు పళ్లు కోసే చిన్న మిషను, మిషను మొండికేసిన రోజున పని ఆగకుండా గోడవార పేర్చిన ఆకురాళ్లు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక కుర్చీ, దానికి మూడు కాళ్లూ ఒక ఇటుకా. బల్ల కింద మూతపెట్టిన ఇత్తడి గిన్నె, గిన్నెలో కిరసనాయిలు. ఈ కథలో అసలు ముద్దాయి ఆ గిన్నే కాబట్టి దాని సంగతి ముందుగా చెప్పుకోవడం మంచిది.

చేతికొచ్చిన ఏ తాళంచెవినీ మామయ్య మురికిగా తిరిగిచ్చేవాడు కాదు. కిరసనాయిల్లో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో సందుల్లో రుద్ది, వేడి సబ్బునీళ్లలో కడిగి, రేకు మీద ఎండబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి అప్పుడు ఇచ్చేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు తలంటు. డబ్బులు పుచ్చుకునేవాడు కాదు. "తాళంచెవి ఎన్ని చేతులు మారుతుందో తెలుసా? జిడ్డూ చెమటా కంగారూ కోపం, అన్నీ దానికే అంటుకుంటాయి. ఒక్కసారి తలంటు పోశామా, మళ్లీ పసిపిల్లే" అనేవాడు. ఆ మాట నిజమో కాదో గానీ, ఆయన చేతిలోంచి వచ్చిన చెవి తాళంలో వెన్నలో వేలు పెట్టినట్టు దిగేది.

గిన్నె తర్వాత చెప్పుకోవాల్సింది గోడ సంగతి.

ఆయన కూర్చునే చోటికి వెనక, నేల నుంచి పైకప్పు దాకా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో తాళంచెవి. అవన్నీ వీధి జనం దాచుకున్న రెండో చెవులు. ఆ రివాజు ఎలా మొదలైందో మామయ్య చెప్పడు, ఆయన భార్య చెబుతుంది. పెళ్లైన కొత్తలో ఒక పొద్దున ఆయన ఒంటరి గది రోజుల అలవాటు కొద్దీ బయటికొస్తూ తలుపుకు తాళం వేసి, లాగి చూసి, ఉన్న ఒక్క చెవినీ జేబులో వేసుకుని పనికి వెళ్లిపోయాడు. లోపల కొత్త పెళ్లాం ఉందన్న సంగతి సాయంత్రం దాకా గుర్తు రాలేదు. ఆవిడ కిటికీ ఊచల దగ్గర నిలబడి పక్కింటివాళ్లు అందించిన కాఫీ తాగుతూ రోజంతా గడిపింది. చీకటి పడే వేళకు ఆయన రెండు సినిమా టిక్కెట్లు పట్టుకుని హుషారుగా వచ్చాడు. ఆవిడ ఊచల వెనక నుంచి ఒక్కటే మాట అంది. "తాళాలాయన్ని చేసుకుంటే ఇంటికి తాళం ఉంటుందనుకున్నాను గానీ, నాకు వేస్తారనుకోలేదు."

ఆ రోజు సినిమా లేదు. ఆయన అప్పటికప్పుడు కొట్టుకు వెళ్లి రెండో చెవి కోసి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆనాటి నుంచి తాళం చేయించుకోవడానికి ఎవరొచ్చినా ఒకటే పాట. "ఒక్క చెవి ఉన్నవాడిది ఇల్లు కాదు నాయనా, జూదం. రెండోది చేయించు. నమ్మకమైనవాడి దగ్గర పెట్టు." నమ్మకమైనవాడు ఎవరా అని ఆలోచించి ఆలోచించి చాలామంది అది ఆయన దగ్గరే పెట్టి వెళ్లేవారు. దానికీ ఒక నియమం ఉండేది. మేకుకు తగిలించే ముందు ఆ రెండో చెవిని సొంతదారు కళ్లెదుట తాళంలో పెట్టి తిప్పి చూడాలి. "తిప్పి చూడని రెండో చెవి ఉత్త ఇనప ముక్క" అనేవాడు.

ఆ గోడకు ఒక వైభవం ఉండేది. మేడమీది సంగీతం టీచరమ్మగారి చెవి, బట్టల కొట్టాయన గల్లాపెట్టె చెవి, జానెడు పొడవుండే సినిమా హాలు గేటు చెవి. వంతెన అవతల ఒక జంట ఉండేది, వాళ్లు దెబ్బలాడుకోని వారం లేదు. ఆవిడ తాళం వేసి పుట్టింటికి పోయేది, భర్త మామయ్య దగ్గరికి పరుగున వచ్చేవాడు. మామయ్య వెంటనే చెవి ఇచ్చేవాడు కాదు, మూడు కాళ్ల కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. ఆ కుర్చీలో కోపంతో కూర్చుంటే కింద పడతారు. కాబట్టి ఎవరైనా మెల్లగా, బుద్ధిగా కూర్చోవాల్సిందే. టీ అయ్యేసరికి ఆ భర్తకు కోపం దిగేది, అప్పుడు చెవి ఇచ్చి, "ఇంట్లోకి కాదు, ముందు అత్తారింటికి వెళ్లు" అని పంపేవాడు.

మేకుల మీది చెవులన్నీ గాలికి చిన్నగా గలగలమనేవి. ఆ చప్పుడు వింటూ ఆకురాయి పట్టుకుని కూర్చుంటే, ఊరంతా తనని చుట్టుకుని ఉన్నట్టు ఉండేది ఆయనకు. ఇంతమంది తలుపులు తెరవగలిగి ఉండీ ఒక్క తలుపూ తెరవకుండా ఉన్నానన్నదే ఆయన గర్వం. వేరే గర్వాలు పెట్టుకునేంత ఆస్తి ఆయనకు ఎప్పుడూ లేదు.

తర్వాత కాలం మారింది. కాలానికి అంతకన్నా వేరే పని ఉండదు కదా. అంకెలు నొక్కే తలుపులు వచ్చాయి, వేలు పెడితే తెరుచుకునే తలుపులు వచ్చాయి. ఒకప్పుడు చదువు రానివాణ్ణి వేలిముద్రగాడని వెక్కిరించేవాళ్లు. ఇప్పుడు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు పొద్దున్నా సాయంత్రం సొంత గుమ్మంలో నిలబడి వేలిముద్రలు వేస్తున్నారు! ఒక్కొక్కరే వచ్చి, "ఇక దీంతో పని లేదు మామయ్యా" అని మేకు మీది చెవి పట్టుకుపోయారు. సంగీతం టీచరమ్మగారి చెవి మాత్రం ఉండిపోయింది. ఆవిడా లేదు, ఆ ఇల్లూ లేదు. తలుపు లేని ఆ చెవికి మామయ్య ఇప్పటికీ అప్పుడప్పుడూ తలంటు పోస్తాడు.

మిగిలినవాటిలో ఆయనకు ప్రాణమైనది కుడిచేతి వైపు మేకుకు ఉన్న కూతురి చెవి. ఇంట్లో అందరూ ఆ పిల్లను బుల్లి అంటారు. బుల్లి నర్సు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టి, సూదులు వేసి, రెండు కబుర్లు చెప్పి వస్తుంది. ఊరికి అటువైపు ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. ఆ గదిలో దిగిన రోజునే రెండో చెవి తెచ్చి, "నా మేకు ఏది నాన్నా?" అని అడిగి మరీ తగిలించింది.

భుజాన మందుల సంచితో ఎన్నో ఏళ్లు బస్సుల్లో వేలాడి, ఆ బుల్లి మొన్నీమధ్య కారు కొంది. పాతదే, బూడిదరంగుది. ఒక శనివారం సాయంత్రం దాన్ని తెచ్చి ఇంటి ముందు ఆపింది. తల్లి దిష్టి తగులుతుందని కంగారు పడింది. తండ్రి కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, వంగి వంగి చూశాడు.

"తాళం కన్నం ఏదమ్మా?"

"పిడి కింద మూతలో ఎక్కడో దాక్కుని ఉంటుందట నాన్నా. దాంతో పని లేదు. ఇది మన దగ్గరుంటే చాలు, కారే తెలుసుకుంటుంది" అని ఆమె నల్లటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"దగ్గరుంటే చాలా? తిప్పక్కర్లేదా?"

"తిప్పడానికి ఏం లేదు. మీట నొక్కడమే."

మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. పళ్లు లేవు, మెడ లేదు. బోసినోటి తాళంచెవి. అయినా అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగాడు.

"రెండోది ఏది?"

బుల్లి తల గోక్కుంది. "అమ్మినాయన ఒక్కటే ఇచ్చాడు నాన్నా. రెండోది ఎప్పుడో పోయిందట."

"కారు కొన్నావా, జూదం ఆడావా?"

"చేయిద్దాంలే, ఒకటి రెండు జీతాలు రానీ. దానికి బోలెడవుతుందట."

"తాళంచెవికి బోలెడేంటే? నా చెవిన ఇలాంటి మాట ఎప్పుడూ పడలేదు" అని ఆయన నవ్వాడు. కానీ ఆ నల్లబిళ్లను తన వైసులో ఏ వైపు నుంచి బిగించాలో ఊహకు అందలేదు, నవ్వు మధ్యలోనే ఆగింది.

మర్నాడు ఆదివారం. తల్లీకూతుళ్లు బంధువుల ఇంటికి నడిచి వెళ్లారు. బుల్లి తాళాల గుత్తి గుమ్మం పక్క అరలో ఉంది. గుత్తికి రెండే ఉన్నాయి, ఆమె గది చెవీ ఈ నల్లబిళ్లా. మామయ్యకు ఏమీ తోచక గుత్తి చేతిలోకి తీసుకున్నాడు. బిళ్ల సందుల్లో మట్టి, మీటల చుట్టూ నల్లటి జిడ్డు, పొగాకు కంపు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఏళ్ల తరబడి జేబులో నలిపిన వస్తువు. తన పిల్ల సొంతంగా కొనుక్కున్న మొదటి బండి, దాని చెవికి పరాయివాడి జిడ్డు! మనసు ఒప్పలేదు.

ఆయనేం తెలివితక్కువవాడు కాదు. అందులో కరెంటు వ్యవహారం ఉందని తెలుసు. అందుకే బిళ్లను గుత్తిలోంచి తీసి, కొట్టుకు పట్టుకెళ్లి, వెనక మూత ఊడదీసి, చొక్కా గుండీ అంత బ్యాటరీని బయటికి తీసి పక్కన పెట్టాడు. ఇక భయమేముంది? తలంటుకు ఏ లోటూ చెయ్యలేదు. కిరసనాయిల్లో నానబెట్టాడు. బ్రష్షుతో రుద్దాడు. సలసల కాగే సబ్బునీళ్లలో రెండుసార్లు ముంచి తీశాడు. రేకు మీద ఎండబెట్టి, గుడ్డతో తుడిచి, బ్యాటరీ పెట్టి మూత నొక్కేశాడు. అద్దంలా తళతళలాడింది. గుత్తికి తగిలించి అరలో ఎప్పట్లాగే పెట్టాడు. బుల్లి తనంతట తనే చూసి ఆశ్చర్యపోవాలని ఎవరికీ చెప్పలేదు.

ఆశ్చర్యపోయింది, కాకపోతే సోమవారం పొద్దున.

కారు పలకలేదు. మీట నొక్కింది, దగ్గరగా పెట్టింది, దూరంగా పెట్టింది, దులిపింది. గుమ్మంలో మామయ్య మెచ్చుకోలు కోసం చిరునవ్వుతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"నాన్నా, దీన్ని నువ్వేమైనా చేశావా?"

"తలంటు పోశాను" అన్నాడు ఆయన. మాట బయటపడుతుండగానే చిరునవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

లోపలి నుంచి భార్య వంట గిన్నె చేత్తో పట్టుకునే వచ్చింది. "ఏం పోశారూ? అయ్యో రాత! ఊళ్లో తాళంచెవులన్నిటికీ కాపలా కాశారు, ఇంట్లో దాన్ని ముంచేశారా? కంచే చేను మేస్తే ఇక ఎవరితో చెప్పుకోవాలి?"

మామయ్య చివరి ప్రయత్నం చేశాడు. బిళ్ల పొట్టలో చిన్న ఇనప చెవి ఒకటి దాగి ఉంటుంది. దాన్ని లాగి, కారు పిడి కింది మూత తీసి, కన్నంలో పెట్టి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు చాలాసేపు నిలవలేదు. కారు కెవ్వుమని ఏడుపు లంకించుకుంది. వీధి వీధంతా బయటికొచ్చింది. "చెవుల మామయ్య కారు కొట్టేస్తున్నాడర్రోయ్!" అని ఎదురింటి టైలరు అరిచాడు. అందరూ నవ్వారు. ఇంకో రోజైతే ఆయనా నవ్వేవాడు.

బుల్లి కారు కంపెనీ షోరూముకు ఫోను చేసింది. అవతలివాళ్లు చెప్పేది ఆమె తిరిగి అంటుంటే మామయ్య ఒక్కో మాటకూ ఒక్కో మెట్టు దిగినట్టు కుంగిపోయాడు. కొత్త చెవి ఇక్కడ దొరకదు, పైనుంచి రావాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేరు. వాళ్లు ఇంటికి రారు, కదలని కారునే వాళ్ల దగ్గరికి మోయించుకెళ్లాలి. బండి పేరు మార్పు కాగితాలు ఇంకా చేతికి రాలేదు కనక, అవి వచ్చేదాకా చెవికి ఆర్డరే పెట్టరు. పాత సొంతదారు సంతకమూ కావాలి, ఆయనేమో ఫోను ఎత్తడు. ఇక ఖర్చు వింటే, ఆ డబ్బుతో వీధిలో ప్రతి గుమ్మానికీ కొత్త తాళం వేయించి, అందరికీ టీ కూడా ఇప్పించవచ్చు.

"బుల్లీ, ఆ డబ్బు నేను..." అని ఆయన నసిగాడు.

"పర్వాలేదులే నాన్నా" అంది ఆమె. సంచి భుజాన వేసుకుని బస్సుకు పరుగెత్తింది. తిట్టినా బాగుండేది. తిట్టు తిన్నవాడికి తిరిగి ఒక మాట అనే హక్కుంటుంది. పర్వాలేదన్న మాటకు జవాబేముంది?

మధ్యాహ్నం ఒక లారీ వచ్చి కారును ఎక్కించుకుపోయింది. లారీవాడికి కావాల్సినవన్నీ అప్పగించడానికి బుల్లి పని మధ్యలో వచ్చి, పని మధ్యలోనే వెళ్లిపోయింది. మామయ్య కొట్టులో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. బూడిదరంగు కారు వెనక్కి తిరిగి, ఆయన వైపే చూస్తూ వీధి మలుపు తిరిగింది.

మర్నాడు సాయంత్రం బుల్లి కొట్టుకు వచ్చింది. తల వంచి లోపలికి దూరి, కుడిచేతి వైపు మేకు మీది తన చెవి తీసుకుంది.

"ఇది పట్టుకెళ్తున్నా నాన్నా. బస్సు వెళ్లిపోతుంది, మళ్లీ మాట్లాడతా."

అంతే. టీ తాగమనే లోపే వెళ్లిపోయింది.

మామయ్య మేకు వైపు చూస్తూ ఉండిపోయాడు. సినిమా హాలు చెవి పోయిన రోజున ఆయన బాధపడ్డాడు. బట్టల కొట్టాయన చెవి పోయిన రోజున బాధపడి, రెండు రోజులు ఆయన కొట్టు ముందు నుంచి వెళ్లడం మానేశాడు. కానీ వాళ్లంతా తాళం మార్చుకుని చెవి తీసుకెళ్లారు. ఈ పిల్ల గదికి అదే తాళం, అదే తలుపు. మారింది తండ్రి మీద నమ్మకం. చేతికిచ్చిన ఒక్క చెవిని చంపినవాడి దగ్గర రెండో చెవి ఎవరుంచుతారు? ఇంట్లో పుట్టిన పిల్లే తీసుకుపోయాక, ఈ గోడ ఎందుకు, ఈ కొట్టెందుకు?

ఇంటికొచ్చి అన్నం కెలికి లేచాడు. భార్య కూపీ లాగింది.

"ఎందుకు పట్టుకెళ్తున్నావే అని అడగలేకపోయారా?"

"అడిగితే ఏం చెబుతుంది? నీ చేతిమీద నమ్మకం పోయింది నాన్నా అని చెప్పాలా? చెప్పడానికి పిల్లకు కష్టం, వినడానికి నాకు కష్టం."

"మీకు మీరే అడగడం, మీకు మీరే చెప్పుకోవడం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం మీరు" అని ఆవిడ కంచం తీసింది. కానీ ఆవిడకూ లోపల బెంగగానే ఉంది.

తర్వాతి రోజుల్లో ఆయన పని మీద మనసు పెట్టలేదు. ఎవరో పాత పెట్టె చెవి తెస్తే పళ్లు కోసి ఇచ్చాడు గానీ తలంటు పొయ్యలేదు. "ఏం మామయ్యా, స్నానం చేయించకుండా పంపుతున్నావు?" అని ఆ మనిషే అడిగాడు. ఇత్తడి గిన్నె బల్ల కింద మూతతో సహా దుమ్ము పట్టింది. చదువుకునే రోజుల్లో బుల్లి సాయంత్రాలు ఈ కొట్టులోనే గడిపేది. మేకుల్లో ఏదో ఒక చెవి ఆయన చాటుగా తీసి దాచేవాడు. బుల్లి కళ్లు మూసుకుని గోడ గలగల విని, "టీచరమ్మది లేదు!" అని చెప్పేసేది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ పిల్ల ఇప్పుడు కళ్లు మూసుకుని వింటే ఏం వినిపిస్తుంది? అయిదారు చెవులు గాలికి కదిలినా ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా లేవు.

ఆఖరికి కాగితాలు వచ్చాయి, పాత సొంతదారు సంతకం వచ్చింది, పైనుంచి చెవి వచ్చిందని కబురూ వచ్చింది. బుల్లి సెలవు పెట్టి ఇంటికొచ్చింది.

"నువ్వూ రా నాన్నా."

"నేనెందుకమ్మా అక్కడ?"

"తాళంచెవి పనికి నిన్ను కాక ఎవర్ని తీసుకెళ్లాలి?"

వెక్కిరిస్తోందా అని ఆయన ఆమె మొహంలోకి చూశాడు. వెక్కిరింపు కనబడలేదు. అయినా నమ్మలేదు, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు.

షోరూము గుమ్మం ఆయన రాకముందే తనంతట తనే తెరుచుకుంది. అక్కడ తల వంచాల్సిన పని లేదు, పైకప్పు ఆకాశంలో ఉంది. టై కట్టుకున్న కుర్రాడు సార్ సార్ అంటూ సోఫాలో కూర్చోబెట్టాడు. ఆ సోఫాలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. బుల్లి డబ్బు కట్టడానికి లేచింది.

"ఒకదానికేనా కడుతున్నావు?" అన్నాడు మామయ్య.

"ఒకదానికే చుక్కలు కనబడుతున్నాయి నాన్నా."

టై కుర్రాడు కల్పించుకున్నాడు. "రెండోది కావాలంటే ఇప్పుడే చేయించుకోవచ్చు సార్, పైనుంచి జతే వచ్చింది. చాలామంది వద్దంటారు."

మామయ్య జేబులోంచి రుమాలు మూట తీశాడు. కొట్టులో మిషను మార్చుకుందామని దాచిన డబ్బది. "రెండోది నాది. రెండోది లేకపోతే మొదటిది కూడా లేనట్టే బాబూ. ఆ సంగతి నాకన్నా ఎవరికీ బాగా తెలియదు."

"నాన్నా, మిషను..."

"ఉన్న మిషనుకే పని లేదు. మాట్లాడకు."

బుల్లి తన వంతు డబ్బు లెక్కపెట్టి కట్టింది. వద్దన్నా వినడని చిన్నప్పటి నుంచి ఆమెకు తెలుసు.

వెనక షెడ్డులో నీలం చొక్కా మెకానిక్ కారులో కూర్చుని, స్టీరింగు చక్రం కింద ఒక తీగ గుచ్చి, దాని చివర ఉన్న పెట్టె ఒళ్లో పెట్టుకున్నాడు. మామయ్య కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆకురాయి గరగర కోసం చెవి ఒగ్గాడు, ఇనుము పొడి వాసన కోసం ముక్కు ఎగబీల్చాడు. ఏమీ లేదు. మెకానిక్ ఒక మీట నొక్కి, కొత్త బిళ్ల దగ్గర పెట్టి, మళ్లీ మీట నొక్కి, రెండో బిళ్ల పెట్టాడు.

"అయిపోయింది సార్."

"అయిపోయిందా? చప్పుడేదీ?"

మెకానిక్ నవ్వాడు. "చప్పుడుండదు సార్. ఈ రెండూ మీవని కారుకు చెప్పాను, అంతే. పాత చెవిని మర్చిపొమ్మని కూడా చెప్పాను. అది బాగైనా ఇక దీనికి పరాయిదే."

"మర్చిపొమ్మంటే మర్చిపోతుందా!" అన్నాడు మామయ్య. ఆ మాట ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు. సంగీతం టీచరమ్మ చెవి గుర్తొచ్చింది, అది ఇన్నేళ్లుగా ఏమీ మర్చిపోలేదు.

తిరుగు దారిలో కారు ఎంత మెత్తగా పోతోందో చెప్పాలని ఆయనకు ఉంది, చెప్పే మొహం లేదు. బుల్లి ఇంటికి పోనివ్వకుండా కొట్టుకు ఎదురుగా వీధికి అవతల ఆపింది. దిగి వచ్చి, తల వంచి లోపలికి దూరి, సంచిలోంచి షోరూమువాళ్లు తిరిగిచ్చిన ప్లాస్టిక్ కవరు తీసింది. కవరులో పాత గుత్తి. గుత్తికి చచ్చిపోయిన నల్లబిళ్ల, దాని పక్కన ఆమె గది మొదటి చెవి.

మామయ్య దాన్ని చూశాడు. "నీ గది చెవి ఇందులో ఉందా?"

"ఉండక? లారీవాడికి పాత చెవి ఇవ్వాలంటే కంగారులో గుత్తితో సహా ఇచ్చేశాను. సాయంత్రం గది ముందుకెళ్లి నిలబడ్డాక గుర్తొచ్చింది. షోరూము మూసేశారు. ఇంటివాళ్లావిడ పాపం వాళ్లింట్లో పడుకోమంది. మర్నాడు పరుగెత్తుకుంటూ నీ దగ్గరికే వచ్చాను కదా రెండోదాని కోసం. తర్వాత గుత్తి పంపమంటే, కారు తీసుకునేటప్పుడు అన్నీ కలిపి ఇస్తాం అన్నారు."

"అందుకా తీసుకెళ్లావు?"

"మరెందుకు? రెండో చెవి ఉండేది అందుకే కదా నాన్నా? చిన్నప్పటి నుంచి నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పావు!"

మామయ్య మూడు కాళ్ల కుర్చీలో ఉన్నట్టుండి కూర్చున్నాడు. కుర్చీ ఊగింది, ఇటుక కదిలింది, ఎలాగో నిలదొక్కుకున్నాడు. ఊరందరికీ నేర్పిన పాఠం తన ఇంట్లో అక్షరాలా జరిగితే తనే గుర్తుపట్టలేకపోయాడు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ కలిసి దగ్గుగా బయటికి వచ్చాయి.

"నేనింకేదో అనుకున్నానమ్మా. నా చేతి మీద నమ్మకం పోయి పట్టుకెళ్లావనుకున్నాను."

బుల్లి చేతిలోని కవరు బల్ల మీద పెట్టేసింది. "ఇన్నాళ్లూ అలా అనుకుంటూ కూర్చున్నావా? అడగొచ్చు కదా నాన్నా!"

"మీ అమ్మా అదే అంది."

బుల్లి సంచిలోంచి గది రెండో చెవి తీసి మళ్లీ కుడిచేతి వైపు మేకుకు తగిలించింది. ఆ మేకుకే కారు రెండో బిళ్ల కూడా తగిలించబోయింది.

"వద్దమ్మా" అన్నాడు ఆయన చప్పున. "అది నా దగ్గరెందుకు? మళ్లీ ఏదో ఒకటి చేస్తాను. మీ అమ్మకివ్వు."

"తలంటు పొయ్యనని మాటివ్వు, చాలు."

"పొయ్యను."

"ఆవిరి పట్టడం?"

"అదీ లేదు."

ఆమె బిళ్లను మేకుకు తగిలించింది. మామయ్య లేచి దాన్ని మేకు మీంచి తీశాడు.

"ఏంటి నాన్నా మళ్లీ?"

"తిప్పి చూడకుండా తగిలించకూడదు."

బుల్లి సంచి భుజాన వేసుకుని వీధి దాటి కారు దగ్గరికి వెళ్లి నిలబడింది. మామయ్య కొట్టు గుమ్మంలో, మెట్ల కింద తల వంచుకునే నిలబడి, నల్లబిళ్లను రెండు చేతులతో పట్టుకుని, బొటనవేలితో మెల్లగా నొక్కాడు.

వీధికి అవతల కారు కూతురి పక్కన కిచకిచమని, దీపాలు వెలిగించి ఆర్పింది. తెరుచుకుంది.

తాళంలో చెవి పెట్టకుండా, పళ్లు తగలకుండా, ఇంత దూరం నుంచి ఆయన తన జీవితంలో ఒక్క తలుపూ తెరవలేదు. ఇంకోసారి నొక్కాడు. మూసుకుంది. మళ్లీ నొక్కాడు. తెరుచుకుంది. అటు పక్క కొట్టులో టైలరు కుట్టుమిషను ఆపి చూస్తున్నాడు. మామయ్య నొక్కుతూనే ఉన్నాడు, ఎవరు చూస్తున్నారో ఆయనకు పట్టలేదు.

"ఇక చాలు నాన్నా" అని తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డ బుల్లి అటు నుంచి కేకేసింది. "తెరిచి ఉంచు, నేను ఎక్కాలి!"